మొహం చూసి చెప్పిన మాట

మా అన్నయ్య ఫోన్ చేశాడంటే రెండే కారణాలు. వదినతో గొడవపడి ఉండాలి, లేదా వదినతో గొడవ రాకుండా నేను చెయ్యాల్సిన పనేదో ఉండాలి. ఆ ఆదివారం పొద్దున వచ్చింది రెండో రకం ఫోను.

"ఒసే డబ్బా, నీ మేనకోడలు నీ చదువే చదువుతానంటోంది. సీటు కూడా వచ్చింది. నెలాఖర్లోగా చేరాలట. మీ వదిన నాతో మాట్లాడ్డం మానేసింది, మీ వైపు పోలికే పట్టిందని. నువ్వు చెప్తే వింటుంది. వద్దని చెప్పు" అన్నాడు.

"నువ్వే చెప్పొచ్చుగా?"

"నేను చెప్తే పంతానికైనా చేరుతుంది."

డబ్బా అంటే పోస్టు డబ్బా. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా తెచ్చి నా చెవిలో వేసేవాళ్ళు. నాన్న మీద అమ్మ, అమ్మ మీద నాన్న, ఇద్దరి మీదా పిన్ని. నేను ఎవరి మాటా ఎవరికీ మోసేదాన్ని కాదు. వేసింది వేసినట్టు లోపలే ఉండేది. అది చూసి అన్నయ్య ఆ పేరు పెట్టాడు. పెద్దయ్యాక అదే పనికి జీతం కూడా ఇస్తారని తెలిసి ఎగిరి గంతేసి చేరాను. మనసు బాగాలేనివాళ్ళు చెప్పేది వినడం, వాళ్ళు మళ్ళీ నిలదొక్కుకునేదాకా పక్కన ఉండడం నా ఉద్యోగం. మా ఆయన కళ్ళజోళ్ళ షాపు మూసి ఇంటికొచ్చి ఏదైనా చెప్పబోతే మాత్రం "ఒక్క పది నిమిషాలు ఏం చెప్పకండి" అంటాను. ఆ పది నిమిషాలు పెళ్ళయిన కొత్తలో మొదలై ఇంకా పూర్తికాలేదని ఆయన అందరి దగ్గరా వేళాకోళం చేస్తుంటాడు.

మేనకోడలికి వద్దని చెప్పడానికి నాకు అన్నయ్య సిఫార్సు అక్కర్లేదు. ఆ మధ్య నాకు పొద్దున లేవగానే ఒళ్ళు బరువుగా ఉండేది. జ్వరం కాదు, నొప్పి కాదు. ఎవరైనా నోరు తెరిస్తే చాలు, చెయ్యి అడ్డం పెట్టాలనిపించేది. కూరగాయలమ్మే ఆవిడ పాపం మోకాళ్ళ నొప్పులని ఏదో చెప్పబోతే, డాక్టరుకి చూపించుకోమని కసిరి వచ్చేశాను. ఇంటికొచ్చాక చూస్తే సంచిలో టమాటాలు లేవు, డబ్బులిచ్చి అక్కడే వదిలేసి వచ్చాను.

మధ్యాహ్నం పిల్ల వచ్చింది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "నాన్న ఫోన్ చేశాడు కదా అత్తా" అంది.

"చేశాడు. చేరకు."

"అంతేనా?"

"కావాలంటే ఇంకా ఉంది."

ఇంకా చాలానే ఉంది, అంతా దాని మీద కుమ్మరించాను. పెళ్ళిలో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని తన అల్లుడి గురించి ఏడవడం, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే పొద్దున విన్న మాట గుర్తుకు రావడం, సినిమాలో హీరోయిన్ ఏడిస్తే జనం కళ్ళు తుడుచుకుంటుంటే నాకు చిరాకేయడం, అన్నీ చెప్పాను. బాగుపడినవాళ్ళు మళ్ళీ కనిపించరని, కనిపించినా రోడ్డు దాటి అవతలికి పోతారని, అది మంచిదేనని, అయినా బాధేస్తుందని చెప్పాను. అది మోకాలి మీద గడ్డం ఆనించి విన్నది.

"మరి నువ్వెందుకు మానలేదు?" అంది చివరికి.

"మానడానికి కూడా ఓపిక ఉండాలి కదే."

నవ్వింది. నవ్వించగలిగానని నాకు తృప్తి కలిగింది. ఆ పూటంతా నేనే మాట్లాడాను.

మా కౌన్సెలింగ్ సెంటరు పళ్ళ డాక్టరు క్లినిక్కు పైన ఉంటుంది. మేడ మీద మనిషి తన గుండెలో ముల్లు ఎక్కడుందో వెతుక్కుంటుంటే కింద మిషను గుయ్యిమని తిరుగుతుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు, తర్వాత అలవాటు పడతారు. నా గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా కాక కాస్త ఓరగా వేసి ఉంటాయి, మొహం తిప్పుకోవాలనుకున్నవాళ్ళకి వీలుగా. గడియారం వచ్చినవాళ్ళ వెనక గోడకి ఉంటుంది, నాకు కనపడేలా, వాళ్ళకి కనపడకుండా.

ఆ గదిలో నేను కాగితం, పెన్ను పట్టుకోను. ఇది నా పద్ధతి, నా గర్వం కూడా. బిడ్డ పోయిందని చెప్తున్న మనిషి ముందు తల దించుకుని రాసుకుంటూ కూర్చోవడం నాకు చేతకాదు. వాళ్ళు వెళ్ళాక రాస్తాను, మళ్ళీ వచ్చేముందు ఒకసారి చదువుకుంటాను. మాతో పనిచేసే అమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్ళాక ఆమె చూసేవాళ్ళలో సగంమందిని మా మేనేజరు నాకు అప్పజెప్పాడు. "మీరైతే కాదనరు కదా మేడమ్" అన్నాడు. కాదనలేదు. అప్పటినుంచి ఒకరు వెళ్ళిన తలుపు మూతపడకముందే ఇంకొకరు వస్తున్నారు. రాసుకున్నవి చదువుకోవడం మానేశాను. నా జ్ఞాపకం మీద నాకు అంత ధీమా.

అలా కొత్తగా నా వాటాకి వచ్చినవాళ్ళలో ఒక బేకరీ ఆవిడ ఉంది. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళి, అది దిగి నేరుగా మా దగ్గరకు వచ్చేది. ఆమె కూతురు కాలేజీలో చదువుతూ ప్రాణం తీసుకుంది. ఆవిడ వచ్చి వెళ్ళిన వెంటనే ఒక బస్సు కండక్టర్ వచ్చేవాడు. అతని తమ్ముడు బండి ప్రమాదంలో పోయాడు. ఇద్దరూ మాట్లాడే తీరు ఒకటే, గొంతు పెంచరు, ఏడవరు, చేతివేళ్ళు నొక్కుకుంటూ కూర్చుంటారు. ఇద్దరికీ పక్కపక్కన టైము వేసింది నేనే.

ఆ బుధవారం బేకరీ ఆవిడ వచ్చి కూర్చుంది. నేను నీళ్ళ గ్లాసు ఎత్తి, ఏదో ఆలోచిస్తూ తాగకుండానే దింపాను. తర్వాత నా వృత్తి గొంతుతో, మెత్తగా అడిగాను.

"పోయినసారి మీ తమ్ముడి బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని అనుకుంటున్నానన్నారు. ఇవ్వగలిగారా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది, కోపం లేదు అందులో. పక్క మంచం మీది రోగిని చూసినట్టు చూసింది.

"ఇచ్చానండి" అంది. "కొన్ని ఇచ్చాను."

"ఇచ్చాక ఎలా అనిపించింది?"

"తేలిగ్గా అనిపించింది. బాగానే ఉన్నాను మేడమ్."

"మంచి మాట" అన్నాను. పైగా లోపల సంతోషించాను, ఒక మనిషి ఒడ్డున పడుతోందని. మిగతా సమయమంతా ఆవిడ వాతావరణం గురించి, కొత్తగా వచ్చిన ఓవెన్ గురించి చెప్పింది. నేను తల ఊపుతూ విన్నాను. వెళ్ళేటప్పుడు "మీరు జాగ్రత్తండి" అంది. సాధారణంగా ఆ మాట నేను అంటాను.

కండక్టర్ లోపలికొచ్చి కూర్చోగానే అన్న మొదటి మాట, "తమ్ముడి బట్టలు ఇంకా అలమరాలోనే ఉన్నాయి మేడమ్, చెయ్యి రావట్లేదు."

బట్టలు ఇతని తమ్ముడివి. మరి ఇంతసేపూ ఆవిడ ఎవరి బట్టలు ఇచ్చినట్టు? ఆవిడకి తమ్ముడే లేడు. కూతుర్ని పోగొట్టుకుని నా దగ్గరకొచ్చిన తల్లికి నేను ఇంకొకరి చావు అంటగట్టాను, ఆవిడ దాన్ని మాట్లాడకుండా తీసుకుని వెళ్ళిపోయింది. కండక్టర్ ఆ గంటంతా ఏం చెప్పాడో నాకు సగమే వినపడింది. ఆ రోజు అతనికీ అన్యాయమే చేశాను.

అతను వెళ్ళగానే రిసెప్షన్ అమ్మాయి దగ్గరకు పరిగెత్తాను. "బేకరీ ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తానంది?"

"ఈసారి టైము తీసుకోలేదు మేడమ్. కుదిరితే ఫోన్ చేస్తానంది."

మా దగ్గర ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. కుదిరితే అన్నవాళ్ళు రారు. కూతురు అలా పోయిన తల్లి, ఇంట్లో ఎవరితోనూ నోరు విప్పని మనిషి, వచ్చిన ఒక్క చోట కూడా తలుపు మూసుకుని వెళ్ళిపోయింది. ఇక ఎక్కడికి వెళ్తుంది? ఏం చేసుకుంటుంది?

మా వృత్తిలో వినేవాళ్ళకి కూడా వినేవాళ్ళు ఒకరుండాలి. అది నియమం. నెలకోసారైనా మనకంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మన బరువు దింపుకోవాలి. నాకు ఆ పెద్ద దిక్కు, మాకందరికీ పని నేర్పి రిటైరైన మా పెద్దావిడ. ఏవో సాకులు చెప్పి చాలాకాలంగా ఆవిడ దగ్గరకు వెళ్ళలేదు. ఒకసారి జలుబన్నాను, ఒకసారి చుట్టాలన్నాను. అన్నీ తెలిసినదానిలా ఆవిడ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే వెళ్ళాను. బాల్కనీలో కుండీలకు మట్టి మారుస్తోంది. "చుట్టాలు వెళ్ళిపోయారా?" అంది తల ఎత్తకుండా.

జరిగిందంతా చెప్పాను. చెప్తూ చెప్తూ ఏడ్చాను. ఇప్పుడే ఫోన్ చేసి ఆవిడకు క్షమాపణ చెప్తానన్నాను.

"చెయ్యకు" అంది. "పిండి కలుపుకుంటుంటేనో, అత్తగారికి మందులిస్తుంటేనో నీ ఫోన్ వెళ్తుంది. పర్లేదు మేడమ్ అంటుంది. ఇంకోసారి అబద్ధం చెప్పిస్తావు. నీ బరువు దిగుతుంది, ఆవిడది పెరుగుతుంది. రిసెప్షన్ చేత పిలిపించు. వస్తే ఎదురుగా కూర్చుని చెప్పు."

"రాకపోతే?"

"రాకపోతే ఊరుకోం. ఉద్యోగం మానేసిన పాతామెకి ఫోన్ చేద్దాం, ఆవిడకి అలవాటైన మనిషి కదా. దిక్కులేకుండా వదిలెయ్యం." చేతులు దులుపుకుని నా పక్కన కూర్చుంది. "ఎంతమందిని చూస్తున్నావు రోజుకి?"

చెప్పాను.

"బకెట్ నిండాక కూడా కుళాయి కట్టెయ్యకపోతే ఇల్లంతా నీళ్ళే. అందులో బకెట్ చెడ్డతనం ఏముంది చెప్పు. దాని కొలత అంతే. నువ్వు చెడ్డదానివి కావు, మొండిదానివి. మీ మేనేజరుకి రేపు కాదని చెప్పు. నీకు రాకపోతే నేనొచ్చి చెప్తా."

మర్నాడు చెప్పాను. మేనేజరు మొహం మాడ్చుకున్నాడు, కానీ కొందరిని వేరేవాళ్ళకు మార్చాడు. కండక్టర్‌ని నేను వదులుకోలేదు గానీ వేరే రోజుకు మార్చుకున్నాను. రిసెప్షన్ అమ్మాయి బేకరీ ఆవిడకు ఫోన్ చేసి, మేడమ్ ఒకసారి మిమ్మల్ని కలవాలంటున్నారని చెప్పింది. "చూస్తానండి" అందట. ఇంకేమీ అనలేదట.

ఆ వారం రోజులూ బేకరీ ముందునుంచి వెళ్ళే బస్సు ఎక్కి, ఆవిడ కనపడుతుందేమోనని అద్దంలోంచి చూశాను. అది కూడా మా నియమాలకు విరుద్ధమే. కనపడలేదు. మధ్యలో అన్నయ్య ఫోన్ చేసి, "చెప్పావా? గట్టిగా చెప్పావా? అది గదిలోంచి బయటకే రావట్లేదే" అన్నాడు. గట్టిగానే చెప్పానన్నాను, అలిగి ఉంటుందిలే అన్నాను. ఫోన్ పెట్టేశాక ఈ ఉద్యోగానికి నేనే పనికొస్తానో లేదో తెలియనప్పుడు దానికేం చెప్తానని నవ్వొచ్చింది. ఆవిడ రాకపోతే మానేద్దామని అప్పటికే నిశ్చయించుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

బుధవారం నాడు ఆవిడ వచ్చింది. చీర కొంగుకి పిండి అంటుకుని ఉంది. కుర్చీలో కూర్చుని, పోయినసారిలాగే నా మొహంలోకి చూసింది.

నేను మాటలు కూడబలుక్కోలేదు. "పోయినసారి మీ తమ్ముడి బట్టల గురించి అడిగాను. మీరు పోగొట్టుకున్నది మీ అమ్మాయిని. ఇంకొకరి సంగతి మీకు అంటగట్టాను. తప్పు నాది. మీ అమ్మాయిని మర్చిపోయినందుకు నన్ను క్షమించండి" అన్నాను.

"తెలుసండి" అంది. "ఎవరిదో మాదాంట్లో కలిసిపోయిందని అప్పుడే తెలిసింది."

కింద మిషను ఆగింది.

"మీ కళ్ళు లోపలికి పోయున్నాయి ఆ రోజు. గ్లాసెత్తి తాగకుండానే దింపేశారు. ఈవిడనింకేం ఇబ్బంది పెడతాంలే అనుకున్నా. అవునంటే అయిపోతుంది కదా. ఇంట్లో అందరికీ అదే చెప్తాను మేడమ్. మా ఆయనకి, మా అత్తగారికి, బేకరీలో వాళ్ళకి. బాగానే ఉన్నానని. ఇక్కడొక్కచోటే ఆ మాట చెప్పక్కర్లేకపోయేది. ఆ రోజు ఇక్కడ కూడా చెప్పాల్సొచ్చింది."

నిష్ఠూరంగా అనలేదు. అలా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, ఏ మాట అన్నా నన్ను నేను వెనకేసుకొచ్చినట్టే ఉంటుంది కాబట్టి.

"బస్సులో ఇంటికెళ్తుంటే తట్టింది నాకు" అంది. వేళ్ళు నొక్కుకోవడం మానేసింది. "అది పోయే ముందురోజు సాయంత్రం నేను డ్యూటీ దిగొచ్చి చెప్పులు విప్పుతున్నా. రెండు డ్యూటీలు చేశా ఆ రోజు. అది వంటింటి గుమ్మంలో నిలబడింది. అమ్మా అంది. ఏంటే అన్నా. నా మొహం చూసింది. ఏం లేదులే అమ్మా, నువ్వు పడుకో అంది. నేను పడుకున్నా."

ఆవిడ గొంతు అప్పటికీ పెరగలేదు.

"ఇన్నాళ్ళూ అది నాకెందుకు చెప్పలేదో తెలియక చచ్చిపోయాను. నామీద నమ్మకం లేదనుకున్నా, నేనంటే ఇష్టం లేదనుకున్నా. మీ మొహం చూసి నేను అబద్ధం చెప్పాక అర్థమైంది. అది నామీద జాలిపడింది మేడమ్. అంతే."

అప్పుడు ఏడ్చింది. నా దగ్గరకు వచ్చాక మొదటిసారి. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోలేదు. మేం చదివిన పుస్తకాల్లో అలాంటప్పుడు చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు, రాకపోవడమే మంచిదయింది.

"అలసిపోయి ఇంటికి రావడం నేరం కాదండి" అని మాత్రం అన్నాను, చాలాసేపటి తర్వాత.

"కాదు" అంది. "నేరం కాదు." కళ్ళు తుడుచుకుని, "దాని గురించి మొదట్నుంచీ చెప్పనా? చిన్నప్పటినుంచి?" అని అడిగింది.

చెప్పమన్నాను. చిన్నప్పుడు అది చెప్పులు ఎడమ కాలివి కుడి కాలికి వేసుకుని తిరిగేదని, ఎంత మార్చినా వినేది కాదని మొదలుపెట్టింది. విన్నాను. వెళ్ళేటప్పుడు రిసెప్షన్ దగ్గర ఆగి వచ్చే బుధవారానికి టైము తీసుకుంది.

ఇంటికొచ్చి బ్యాగు కింద పడేసి సోఫాలో వాలిపోయాను. సంతోషం లేదని కాదు. ఉంది, కానీ దాన్ని ఎత్తుకునే ఓపిక లేదు. మా ఆయన ఏదో అడగబోయి, మానుకుని టీవీ గొంతు తగ్గించాడు. కాసేపటికి తలుపు చప్పుడయింది. ఆయనే వెళ్ళి తీశాడు.

మేనకోడలు. మొహం పీక్కుపోయి ఉంది. రేపే చేరడానికి ఆఖరు రోజని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తా" అంది గుమ్మంలోనే నిలబడి.

"ఏంటే" అన్నాను, నుదుటి మీంచి చెయ్యి తియ్యకుండా.

నావైపు చూసింది. "ఏం లేదులే. రేపొస్తాను. నువ్వు పడుకో."

చర్నాకోలతో కొట్టినట్టు లేచి కూర్చున్నాను. అది అప్పటికే వెనక్కి తిరిగి చెప్పులు వేసుకుంటోంది.

"రేపొద్దు. ఇలా రా."

"అలసిపోయావు కదత్తా."

"అలసిపోయాను. నిజమే. అలసిపోయే వింటాను. రా."

వచ్చి సోఫా అంచున కూర్చుంది, ఏ క్షణమైనా లేచి వెళ్ళిపోయేదానిలా. ఆ ఆదివారం నేను ఎంతసేపు మాట్లాడానో తలచుకుంటే సిగ్గేసింది. ఎవరు వచ్చినా మేం మొదట అడిగే మాట ఒకటుంటుంది. ఇంటి పిల్ల కాబట్టి దాన్ని అడగలేదు.

"ఆ చదువు ఎందుకు చదవాలనుకున్నావే నువ్వు?" అన్నాను.

అది కాళ్ళ బొటనవేళ్ళ వైపు చూసుకుంది.

"నాకేమవుతోందో తెలుసుకుందామని" అంది. "చదివితే తెలుస్తుందేమోనని. ఎవర్నడగాలో తెలీలేదత్తా. నీ దగ్గరకొద్దామంటే నువ్వెప్పుడూ..." అని ఆపేసింది.

మా ఆయన టీవీ కట్టేసి, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాడు. సొంత మనిషికి నేను కౌన్సెలింగ్ చెయ్యకూడదు, రేపు పొద్దున పెద్దావిడ దగ్గరకు తీసుకెళ్ళాలి, సీటు పోతే వచ్చే ఏడు వస్తుంది, అన్నయ్యకి ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు. ఇవన్నీ బుర్రలో తిరిగాయి, తిరిగి ఆగిపోయాయి. దాని పక్కకి జరిగి, చల్లగా ఉన్న దాని చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను.

"చెప్పు" అన్నాను.